రొయ్యల చెరువు షెడ్డులోని లినక్స్ బాక్సుకి ఇంటి నుంచే బ్రిడ్జ్ పెట్టడం: ఎస్ఎస్‌హెచ్ తెగకుండా, వీఎమ్‌కి ఐపీ వచ్చేలా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. ఆకివీడు దగ్గర చెరువు గట్టున షెడ్డు ఉంది. అందులో రెండు లాన్ పోర్టులున్న చిన్న బాక్సు, దాని మీద ఉబుంటు సర్వర్. నీటి సెన్సర్ల లెక్కలు రాసుకునే వీఎమ్ (బాక్సు లోపలే నడిచే ఇంకో కంప్యూటర్) ఒకటి, గ్రాఫులు చూపించే డాకర్ కంటెయినర్లు (విడివిడి గదుల్లో నడిచే ప్రోగ్రాములు) రెండు దాంట్లోనే నడుస్తున్నాయి. వీఎమ్‌కి షెడ్డు నెట్‌వర్కులోనే సొంత ఐపీ కావాలని ఇంట్లో కూర్చుని బ్రిడ్జ్ పెట్టబోతే ఒక్క కమాండుతో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి బాక్సులోకి వెళ్ళే లైను) తెగిపోయింది. రాత్రి పూట బండేసుకుని 12 కిలోమీటర్లు వెళ్ళి బాక్సు ఆపి మళ్ళీ ఆన్ చేశారు. రెండోసారి షెడ్డులోనే కూర్చుని పెడితే బ్రిడ్జ్ నిలబడింది గానీ వీఎమ్‌కి ఐపీ రాలేదు. మర్నాడు కరెంటు పోయి వచ్చేసరికి బ్రిడ్జే లేదు. వైఫైని కూడా అందులో కలపొచ్చా అని చివర్లో అడిగారు.

పాలకొల్లు, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల మిల్లుల్లో, ఐస్ ప్లాంట్లలో, హేచరీల్లో ఇలాంటి బాక్సులు చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మీకు జరిగిన ప్రతిదానికీ స్పష్టమైన కారణం ఉంది. కొంచెం ఓపికగా చదవండి.

కమాండ్లు ఇక్కడ చదివి వినిపించినట్టు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, అన్నిటికీ ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడిపే మాట) పెట్టండి. మీ బాక్సులో పోర్టుల పేర్లు ఇంకా పొడుగ్గా ఉండొచ్చు. ఇక్కడ వాటిని ఈత్0, ఈత్1 అంటాను. రౌటర్ వైపు వెళ్ళే పోర్టు ఈత్0, ఖాళీగా ఉన్నది ఈత్1. బ్రిడ్జ్ పేరు బీఆర్0.

ముందు మీ ఎస్ఎస్‌హెచ్ ఎందుకు తెగిందో చూద్దాం.

నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళాలంటే బస్సు దిగి, రేవులో పంటు ఎక్కి, అవతలి ఒడ్డున ఇంకో బస్సు ఎక్కాలి. మనిషి మారడు, బండి మారుతుంది. రౌటర్ చేసేది ఇదే. ప్యాకెట్ లోపలి ఐపీ అడ్రసు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళుతుంది, కానీ దాన్ని మోసే ఫ్రేమ్ (తీగ మీద పోయే కవరు) మీది మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ పోర్టుల సొంత నంబర్లు) గట్టు దాటినప్పుడల్లా మారిపోతాయి. అదే చించినాడ వంతెన మీదుగా అయితే ఎక్కిన బస్సులోనే కూర్చుని వశిష్ఠ దాటేస్తాం. బ్రిడ్జ్ అంటే అది. ఫ్రేమ్ ఎలా వచ్చిందో అలాగే అవతలికి పోతుంది. అవతల ఉన్నవాడికి మధ్యలో వంతెన ఉందన్న సంగతే తెలియదు. అందుకే మీ వీఎమ్ షెడ్డు నెట్‌వర్కులో ఒక మామూలు కంప్యూటర్‌లా కనిపిస్తుంది.

లినక్స్ బ్రిడ్జ్ నిజానికి బాక్సు లోపల ఉండే ఒక స్విచ్. ఏ పోర్టు నుంచి ఏ మ్యాక్ అడ్రసు వచ్చిందో చూసి రాసి పెట్టుకుంటుంది. తెలిసిన అడ్రసుకి వెళ్ళే ఫ్రేమ్‌ని ఆ పోర్టులోకే పంపిస్తుంది, తెలియకపోతే మిగతా పోర్టులన్నిటిలోకీ పంపిస్తుంది. ఒక అడ్రసు నుంచి 300 సెకన్ల పాటు ఏ ఫ్రేమూ రాకపోతే దాన్ని చెరిపేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈత్0 ని బ్రిడ్జ్‌లో కలిపిన క్షణం నుంచి అది వంతెనకి ఒక చివర మాత్రమే. దాంట్లోకి వచ్చే ప్రతి ఫ్రేమునీ కెర్నెల్ (లినక్స్ అసలు గుండె) నేరుగా బ్రిడ్జ్ చేతికి ఇచ్చేస్తుంది. ఈత్0 మీద ఉన్న ఐపీ అడ్రసు ‘ఐపీ అడ్రస్ షో’ అని కొడితే కనిపిస్తూనే ఉంటుంది, కానీ దాని దాకా ఏమీ చేరదు. మీ ఎస్ఎస్‌హెచ్ తెగింది అందుకే. ఐపీ ఉండాల్సింది బీఆర్0 మీద, పోర్టు మీద కాదు. బ్రిడ్జ్‌తో ఇబ్బంది పడి నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఈ ఒక్క దగ్గరే ఆగిపోయారు.

కాబట్టి ఐపీని ఈత్0 నుంచి బీఆర్0 కి మార్చాలి. మార్చే ఆ అరసెకను మీరు షెడ్డుకి దూరంగా, మధ్యలో మూడు కాలువలు దాటి ఇంట్లో ఉన్నారు. కలిపే కమాండు ఒకటి కొట్టి, తర్వాతిది కొడదామంటే వేలు కీబోర్డు మీద ఉండగానే లైను పోతుంది. అందుకే కమాండ్లన్నీ ఒక స్క్రిప్టులో పెట్టి ఒకేసారి వదలాలి. అంతకన్నా ముందు, ఏదైనా తప్పితే బాక్సు తనంతట తానే పాత స్థితికి వచ్చే దారి ఏర్పాటు చేసుకోవాలి.

ఆ దారి చాలా సులువు. ఐపీ కమాండుతో చేసిన మార్పులన్నీ తాత్కాలికమే, రీబూట్ అయితే పోతాయి. మర్నాడు మీ బ్రిడ్జ్ మాయమైందని బాధపడ్డారు కదా, ఆ గుణమే ఇక్కడ మనకి రక్ష. పని మొదలెట్టే ముందు ఇది కొట్టండి:

షట్‌డౌన్ -ఆర్ +8

ఎనిమిది నిమిషాల తర్వాత బాక్సు రీబూట్ అవుతుంది. మీ పని సవ్యంగా జరిగి మళ్ళీ లోపలికి రాగలిగితే షట్‌డౌన్ -సీ అని కొట్టి దాన్ని రద్దు చేయండి. రాలేకపోతే టీ తాగి రండి, బాక్సు పాత ఐపీతో తిరిగి వస్తుంది. బండి తియ్యక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త, ఇది మీ చెరువు గురించి. ఏరేటర్లు ఆన్, ఆఫ్ చేసే లెక్క కూడా ఈ బాక్సులోనే ఉంటే ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవద్దు. రాత్రంతా నీళ్ళలోని నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటుంది కాబట్టి తెల్లవారే ముందు డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) అన్నిటికన్నా తక్కువకి పడిపోతుంది. ఆ సమయంలో ఐదు నిమిషాలు ఏరేటర్ ఆగినా ప్రమాదమే. ఉదయం పది దాటాక, ఎండ బాగా వచ్చాక, గట్టు మీద మనిషి ఉండగా చేయండి. ఏరేటర్లని ముందే చేత్తో ఆన్‌లో పెట్టించండి. నెట్‌వర్క్ మళ్ళీ పెట్టుకోవచ్చు, రొయ్య పోతే పంట పోయినట్టే.

ఇప్పుడు మొదలుపెడదాం. తెగే ప్రమాదం లేని పనులు ముందు:

ఐపీ లింక్ యాడ్ నేమ్ బీఆర్0 టైప్ బ్రిడ్జ్
ఐపీ లింక్ సెట్ డెవ్ బీఆర్0 అప్
ఐపీ లింక్ సెట్ డెవ్ ఈత్1 అప్
ఐపీ లింక్ సెట్ డెవ్ ఈత్1 మాస్టర్ బీఆర్0

బ్రిడ్జ్ పుట్టింది, ఖాళీ పోర్టు అందులో చేరింది. దీనితో మీ ఎస్ఎస్‌హెచ్‌కి ఏమీ కాదు. బ్రిడ్జ్ లింక్ షో అని కొట్టి ఈత్1 పక్కన మాస్టర్ బీఆర్0 అని ఉందో లేదో చూసుకోండి.

తర్వాతి అడుగు చాలామంది వదిలేస్తారు. బ్రిడ్జ్‌కి మనం మ్యాక్ అడ్రసు పెట్టకపోతే, తనలో ఉన్న పోర్టుల మ్యాక్ అడ్రసుల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని అదే తీసుకుంటుంది. కొత్త పోర్టు చేరితే అది మారిపోవచ్చు కూడా. మ్యాక్ మారితే రౌటర్ దగ్గర డీహెచ్‌సీపీలో (యంత్రాలకి ఐపీలు పంచే ఏర్పాటులో) కట్టిపెట్టిన ఐపీ దొరకదు, పక్క యంత్రాలు పాత అడ్రసుకే పంపిస్తూ కూర్చుంటాయి. అందుకని ఈత్0 మ్యాక్ అడ్రసునే బ్రిడ్జ్‌కి స్థిరంగా పెట్టేయండి. ఐపీ లింక్ షో ఈత్0 కొడితే ఆ అడ్రసు కనిపిస్తుంది. ఐపీ లింక్ సెట్ డెవ్ బీఆర్0 అడ్రస్ అని కొట్టి, దాని పక్కన ఆ అడ్రసు పెట్టండి.

ఇక తెగే ముక్క. ఈ నాలుగు లైన్లనీ ఒక ఫైల్లో పెట్టండి. అంకెలు మీ నెట్‌వర్కువి వేసుకోండి:

ఐపీ లింక్ సెట్ డెవ్ ఈత్0 మాస్టర్ బీఆర్0
ఐపీ అడ్రస్ ఫ్లష్ డెవ్ ఈత్0
ఐపీ అడ్రస్ యాడ్ 192.168.1.10/24 డెవ్ బీఆర్0
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.1.1

ఫ్లష్ కొట్టినప్పుడు పాత ఐపీతోపాటు దాని రూట్లు కూడా పోతాయి. అందుకే చివర్లో డిఫాల్ట్ రూట్ మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఆ లైను మరిచిపోతే షెడ్డులో ఉన్నవాళ్ళకి బాక్సు బాగానే దొరుకుతుంది, ఇంట్లో ఉన్న మీకు మాత్రం దొరకదు. స్క్రిప్టుని టీమక్స్ లోపల నడపండి, లేదా నోహప్‌తో వదలండి. లైను తెగినా స్క్రిప్టు మధ్యలో ఆగిపోకూడదు.

అదే ఐపీ, అదే మ్యాక్ కాబట్టి అంతా సరిగా ఉంటే మీ ఎస్ఎస్‌హెచ్ రెండు మూడు సెకన్లు బిగుసుకుపోయి, మళ్ళీ కదులుతుంది. నేను మొదటిసారి అది చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కదిలాక మరిచిపోకుండా రీబూట్ రద్దు చేయండి.

ఒక హెచ్చరిక. వెనకాల డీహెచ్‌సీపీ క్లయింట్ ఈత్0 ని ఇంకా పట్టుకుని ఉంటే, లీజు (ఐపీ వాడుకునే గడువు) రెన్యూ అయ్యేటప్పుడు ఐపీని మళ్ళీ ఈత్0 కి అంటిస్తుంది. కొన్ని గంటలు బాగా నడిచి హఠాత్తుగా చెడిపోయే కేసులు ఇవే. అందుకే చేత్తో కొట్టిన కమాండ్లు పరీక్ష కోసమే. పరీక్ష నెగ్గాక ఫైల్లోకి ఎక్కించాలి. దాని సంగతి కొంచెం తర్వాత చెబుతాను.

వీఎమ్‌కి ఐపీ ఎందుకు రాలేదన్నది ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న.

మొదట వీఎమ్ నిజంగా బీఆర్0 కే తగిలిందా చూడండి. లిబ్‌వర్ట్ (వీఎమ్‌లని నడిపే సాఫ్ట్‌వేర్) తనంతట తాను పెట్టే డిఫాల్ట్ నెట్‌వర్క్ వేరు. దాని బ్రిడ్జ్ పేరు విర్బీఆర్0, అక్కడ ఐపీలు 192.168.122 తో మొదలవుతాయి. అది నాట్ చేసే, అంటే వీఎమ్‌ని బాక్సు ఐపీ వెనక దాచే నెట్‌వర్క్, అందులోని వీఎమ్‌ని బయటివాళ్ళు నేరుగా చేరలేరు. విర్ష్ ఎడిట్‌తో వీఎమ్ వివరాలు తెరిచి, ఇంటర్‌ఫేస్ టైప్ బ్రిడ్జ్ అనీ, సోర్స్ బ్రిడ్జ్ బీఆర్0 అనీ మార్చి, వీఎమ్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ ఆన్ చేయండి. లోపలి నుంచి రీబూట్ చేస్తే సరిపోదు. అప్పుడు బ్రిడ్జ్ లింక్ షోలో వీనెట్0 లాంటి పేరు కొత్తగా కనిపించాలి. వీఎమ్ తీగ ఈ చివర అదే.

అది కనిపిస్తున్నా ఐపీ రాకపోతే ఊహలు ఆపి తీగ మీద ఏం పోతోందో వినాలి. టీసీపీడంప్ అందుకే ఉంది. మూడు విండోలు తెరిచి వీనెట్0 మీద ఒకటి, బీఆర్0 మీద ఒకటి, ఈత్0 మీద ఒకటి పెట్టండి:

టీసీపీడంప్ -ఎన్ -ఐ వీనెట్0 పోర్ట్ 67 ఆర్ పోర్ట్ 68

అప్పుడు వీఎమ్ లోపల డీహెచ్‌సీపీ మళ్ళీ అడిగించండి. వీనెట్0 లోనే ఏమీ కనిపించకపోతే తప్పు వీఎమ్ లోపల ఉంది. వీనెట్0 లో కనిపించి ఈత్0 లో కనిపించకపోతే మన బాక్సే మధ్యలో మింగేస్తోంది. ఈత్0 నుంచి బయటికి వెళ్ళి జవాబు రాకపోతే రౌటర్ వైపు చూడాలి. కాలువలో నీళ్ళు ఏ లాకు దగ్గర ఆగాయో పై నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ దిగినట్టు చూడండి, దొరక్కుండా పోదు.

డాకర్ కూడా ఉందని రాశారు కాబట్టి, అడిగింది వీనెట్0 లో కనిపించి ఈత్0 దాకా రాదని నా గట్టి నమ్మకం. కారణం ఇది. డాకర్ ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్‌లో) ఫార్వర్డ్ చెయిన్ పాలసీని ‘డ్రాప్’కి మారుస్తుంది, అంటే బాక్సు గుండా దాటిపోయే ప్యాకెట్లని అనుమతి లేకపోతే పారేయమని. మామూలుగా బ్రిడ్జ్ మీద పోయే ఫ్రేములకి ఐపీటేబుల్స్‌తో పని లేదు, అవి కింది అంతస్తులోనే వెళ్ళిపోతాయి. కానీ బీఆర్_నెట్‌ఫిల్టర్ అనే కెర్నెల్ మాడ్యూల్ లోడ్ అయితే బ్రిడ్జ్ మీద పోయే ఐపీ ప్యాకెట్లని కూడా ఐపీటేబుల్స్ దగ్గర ఆపి అడుగుతుంది. అక్కడ డ్రాప్ అని ఉంటే వీఎమ్ ప్యాకెట్ అక్కడితో ఆఖరు. ఏఆర్పీ (ఈ ఐపీకి మ్యాక్ ఏదని అడిగే పిలుపు) మాత్రం దాటిపోతుంది, ఎందుకంటే అది ఐపీ కాదు. అందుకే పక్క యంత్రం మ్యాక్ అడ్రసు తెలుస్తుంది గానీ పింగ్ వెళ్ళదు. ఈ లక్షణం చూస్తే చాలు, సగం సందేహం తీరిపోతుంది. ఎల్ఎస్‌మాడ్ కొట్టి ఆ మాడ్యూల్ పేరు ఉందేమో చూడండి.

దీనికి రెండు మందులున్నాయి. సిస్‌సీటీఎల్‌లో (కెర్నెల్ సెట్టింగుల్లో) నెట్.బ్రిడ్జ్.బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్ విలువ 0 చేయడం ఒకటి. పని చేస్తుంది గానీ కంటెయినర్ల మధ్య డాకర్ పెట్టుకున్న అడ్డుగోడల మీద కూడా దాని ప్రభావం పడొచ్చు. పైగా ఆ మాడ్యూల్ లోడ్ కాకముందే సిస్‌సీటీఎల్ ఫైలు చదవడం అయిపోతే మీ 0 ఎక్కడా అంటుకోదు. నేను రెండోది వాడతాను, మనవాళ్ళ నియమాల కోసం డాకర్ ఖాళీగా ఉంచిన చెయిన్‌లో ఒక లైను:

ఐపీటేబుల్స్ -ఐ డాకర్-యూజర్ -ఐ బీఆర్0 -ఓ బీఆర్0 -జె యాక్సెప్ట్

ఇందులో మొదటి -ఐ పెద్ద అక్షరం, రెండోది చిన్న అక్షరం. చెయిన్ పేరు, యాక్సెప్ట్ పెద్ద అక్షరాల్లో కొట్టాలి. బీఆర్0 లోంచి వచ్చి బీఆర్0 లోకే పోయేవాటిని వదిలేయమని దాని అర్థం. ఇది కూడా రీబూట్‌తో పోతుంది. డాకర్ సర్వీసు లేచాక నడిచేలా చిన్న సిస్టమ్‌డీ యూనిట్ (బూట్‌లో దానంతట అదే నడిచే ఫైలు) రాసుకోండి.

ఇప్పుడు శాశ్వతంగా పెట్టే పని. మీది ఉబుంటు సర్వర్ కాబట్టి నెట్‌ప్లాన్, అంటే నెట్‌వర్క్ సెట్టింగులు ఫైల్లో రాసి పెట్టే పద్ధతి. ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసినప్పటి ఫైలు ఒకటి ఉంటుంది. క్లౌడ్-ఇనిట్ అని పేరులో ఉంటే దాన్ని దిద్దకండి, మొదటి సెట్టింగులు పెట్టే ఆ ప్రోగ్రామ్ దాన్ని మళ్ళీ రాసేయొచ్చు. 99 తో మొదలయ్యే పేరుతో కొత్త ఫైలు పెట్టండి, తర్వాత చదివే ఫైలు మాటే చెల్లుతుంది. అందులో ఈథర్‌నెట్స్ కింద ఈత్0, ఈత్1 రెండిటికీ డీహెచ్‌సీపీ4 ఫాల్స్ అని తప్పకుండా రాయండి. రాయకపోతే పాత ఫైల్లోని ట్రూ అలాగే ఉండిపోతుంది. పైన చెప్పిన లీజు గొడవ మళ్ళీ మొదలవుతుంది. బ్రిడ్జెస్ కింద బీఆర్0 పెట్టి, దాంట్లో ఇంటర్‌ఫేసెస్, మ్యాక్‌అడ్రస్, అడ్రసెస్, రూట్స్, నేమ్‌సర్వర్స్ వరసగా రాయండి. ట్యాబ్ కొట్టొద్దు, స్పేసులే. ఫైలుకి 600 పర్మిషన్ ఇవ్వండి.

నెట్‌ప్లాన్ ట్రై అనే కమాండు మీలాంటి దూరపు పనికే ఉంది. కొత్త సెట్టింగు పెట్టి 120 సెకన్లు ఆగుతుంది, మీరు ఎంటర్ కొట్టకపోతే పాతదానికి తిప్పేస్తుంది. కానీ బ్రిడ్జ్ కింద ఎస్టీపీ (లూప్‌లని ఆపే పద్ధతి, కింద చెబుతాను) లాంటి పారామీటర్లు రాసి ఉంటే వెనక్కి తిప్పలేనని చెప్పి అది పక్కకి తప్పుకోవచ్చు. అప్పుడు అప్లై చేయక తప్పదు. ఆ పరిస్థితిలో పాత ఫైలు కాపీ పక్కన పెట్టుకుని, పది నిమిషాల తర్వాత కొత్త ఫైలు తీసేసి రీబూట్ చేసే స్క్రిప్టు ముందే వెనకాల వదలండి. ఇక్కడ వట్టి రీబూట్ చాలదు, ఎందుకంటే తప్పు ఇప్పుడు ఫైల్లోనే ఉంది.

నెట్‌వర్క్ మేనేజర్ వాడేవాళ్ళకి ఒక్క మాట. ఎన్ఎమ్‌సీఎల్ఐ తో బ్రిడ్జ్ చేశాక పాత వైర్డ్ కనెక్షన్ ప్రొఫైలుకి ఆటోకనెక్ట్ ఆపండి. లేకపోతే రీబూట్ అయ్యాక అది ముందు లేచి ఈత్0 ని లాక్కుంటుంది, బ్రిడ్జ్‌కి పోర్టు మిగలదు.

బీఆర్‌సీటీఎల్ కమాండ్లు పాత వ్యాసాల్లో ఇంకా కనిపిస్తాయి. ఇప్పటికీ పనిచేస్తాయి గానీ కొత్తగా నేర్చుకోవద్దు. ఐపీ, బ్రిడ్జ్ అనే రెండు కమాండ్లు వాటి పనంతా చేస్తాయి.

ఎస్టీపీ గురించి మీరు అడగలేదు. అయినా చెప్పకుండా ఉండలేను.

కొన్నేళ్ళ క్రితం మండపేట వైపు ఒక రైస్ మిల్లులో నాలుగు పోర్టుల బాక్సులో బ్రిడ్జ్ పెట్టి, ఎస్టీపీ ఆపి వచ్చాను. చిన్న నెట్‌వర్క్, లూప్ ఎక్కడి నుంచి వస్తుందిలే అనుకున్నాను. దాళ్వా పంట దిగే రోజుల్లో ఎవరో ఆఫీసు ఊడుస్తూ, స్విచ్ నుంచి వేలాడుతున్న కేబుల్ చివర తెచ్చి బాక్సులో ఖాళీ పోర్టుకి పెట్టేశారు. స్విచ్‌కీ బాక్సుకీ మధ్య రెండు దారులు ఏర్పడ్డాయి. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అనే ఆయుష్షు ఉంటుంది, ఈథర్‌నెట్ ఫ్రేముకి లేదు. ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము చాలు, రెండు దారుల్లోనూ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది, తిరిగే కొద్దీ కాపీలు పెరుగుతాయి. స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా వెలిగాయట. కాటా కంప్యూటర్ బిగుసుకుపోయింది. తూకం వెయ్యలేక ధాన్యం లారీలు రోడ్డు దాకా నిలబడిపోయాయి. ఫోన్లో ఆ కేబుల్ ఏదో కనుక్కుని పీకించడానికి 40 నిమిషాలు పట్టింది. ఆ డ్రైవర్ల ఎండ, ఆ మిల్లువాళ్ళ టెన్షన్ నా వల్లే. అప్పటి నుంచి రెండు అసలు పోర్టులున్న ఏ బ్రిడ్జ్‌లోనూ ఎస్టీపీ ఆపలేదు.

1985 లో డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ రూపొందించిన పద్ధతి ఈ ఎస్టీపీ. బ్రిడ్జ్‌లన్నీ మాట్లాడుకుని ఒకదాన్ని మూలంగా ఎంచుకుంటాయి, అదనపు దారులని తామే మూసేస్తాయి, ఉన్న దారి తెగితే మూసినది తెరుస్తాయి. పెట్టడం ఒక్క లైను:

ఐపీ లింక్ సెట్ డెవ్ బీఆర్0 టైప్ బ్రిడ్జ్ ఎస్టీపీ_స్టేట్ 1

ఐపీ కమాండుతో చేసిన బ్రిడ్జ్‌లో ఎస్టీపీ మొదట ఆపి ఉంటుంది. నెట్‌ప్లాన్‌లోనూ నెట్‌వర్క్ మేనేజర్‌లోనూ మాత్రం మీరు ఏమీ రాయకపోతే ఆన్‌లోనే ఉంటుంది. ఈ తేడా తెలియక చాలామంది ఇంకో తిప్పలు పడతారు. ఎస్టీపీ ఉంటే కొత్త పోర్టు 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే ఫ్రేముల్ని వదులుతుంది. ఆ 30 సెకన్లలో డీహెచ్‌సీపీ అడిగి అడిగి విసిగి ఊరుకుంటుంది. చేత్తో పెట్టినప్పుడు బాగా నడిచి, ఫైల్లో పెట్టాక వీఎమ్‌కి ఐపీ రాకపోతే ఇది గుర్తు చేసుకోండి.

అప్పుడు కూడా ఎస్టీపీని ఆపకండి, ఆలస్యం తగ్గించండి. ఫార్వర్డ్ డిలే ఒక్కటే తగ్గిస్తే చాలదు, మూడు విలువలకీ పొంతన ఉండాలి. హలో టైమ్ 2 సెకన్లు, మ్యాక్స్ ఏజ్ 6, ఫార్వర్డ్ డిలే 4 పెడితే ప్రమాణం అడిగే లెక్కలు సరిపోతాయి, 30 సెకన్లు 8 అవుతాయి. ఒకటి రెండు స్విచ్‌లున్న షెడ్డుకి ఇది చాలు. పెద్ద నెట్‌వర్కులో ఈ అంకెలు వాడొద్దు. ఇంకో సంగతి, మామూలు చవక స్విచ్ ఒకదానిలోనే కేబుల్ రెండు చివరలూ పెడితే మన బాక్సులోని ఎస్టీపీ దాన్ని ఆపలేదు. ఖాళీ కేబుళ్ళు స్విచ్‌కి వేలాడదీయకపోవడమే దానికి మందు.

వైఫై గురించి. వైఫై పోర్టు అయిన డబ్ల్యూలాన్0 ని బ్రిడ్జ్‌లో కలపబోతే ఈ డివైస్ బ్రిడ్జ్‌లో చేరడానికి ఒప్పుకోదని కెర్నెల్ తిరగ్గొడుతుంది. మీ తప్పు కాదు. వైఫై క్లయింటుగా ఉన్నప్పుడు ఫ్రేములో మూడు అడ్రసులకే చోటు ఉంటుంది. క్లయింటు వెనకాల ఇంకో యంత్రం ఉందని చెప్పే నాలుగో గడి లేదు. తన దగ్గర చేరిన మ్యాక్ అడ్రసు నుంచి వచ్చినవే యాక్సెస్ పాయింట్ తీసుకుంటుంది. నాలుగు అడ్రసుల మోడ్ ఉంది, ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూలాన్0 సెట్ 4అడ్ర్ ఆన్ అని పెట్టాలి, కానీ అవతలి యాక్సెస్ పాయింట్ కూడా దాన్ని ఒప్పుకోవాలి. దూరపు చెరువు దాకా వెళ్ళాలంటే డబ్ల్యూడీఎస్ (నాలుగు అడ్రసులు మోసే) మోడ్‌లో నడిచే వైర్‌లెస్ జత పెట్టుకుని, ఈ చివర లాన్ కేబుల్‌తో ఈత్1 కి తగిలించండి. మీ బ్రిడ్జ్‌కి అది మామూలు తీగలాగే కనిపిస్తుంది.

గట్టు వెంట రాగి లాన్ కేబుల్ లాగుతామంటే మాత్రం ఒప్పుకోను. 100 మీటర్ల హద్దు ఒక కారణం. అసలు భయం పిడుగు. బహిరంగంగా నీళ్ళ పక్కన పరిచిన రాగి తీగ, చుట్టూ ఎత్తైనది ఏమీ లేని చెరువులు. ఒక్క ఉరుముల సాయంత్రంతో ఆ చివర కెమెరా నుంచి ఈ చివర బాక్సు దాకా పోర్టులు కాలిపోవడం నేను చూశాను. రెండు షెడ్ల మధ్య ఫైబర్ వేసి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్ పెట్టండి. తీరం దగ్గరి ఉప్పు గాలికి లాన్ కనెక్టర్ పిన్నులు పచ్చబడతాయి. ఆ లింకు లేస్తూ పడుతూ ఉంటే బ్రిడ్జ్ లింక్ షోలో పోర్టు స్టేటు మారుతూ కనిపిస్తుంది. బ్రిడ్జ్ మానిటర్ అని కొట్టి వదిలేస్తే మారినప్పుడల్లా చూపిస్తుంది. అలాంటప్పుడు కమాండ్లు కాదు, కనెక్టర్ మార్చాలి.

మీకు పనికొచ్చేది ఇంకొకటి. బాక్సుకి మూడో పోర్టు చేర్చి, కెమెరాలు ఒక పోర్టులో, కూలీలు వాడుకునే వైఫై ఇంకో పోర్టులో పెట్టే ఆలోచన ఉంటే అవి ఒకదాన్నొకటి చూడకుండా చేయొచ్చు. ఆ రెండు పోర్టులకీ విడివిడిగా ఇది కొట్టండి:

బ్రిడ్జ్ లింక్ సెట్ డెవ్ ఈత్1 ఐసొలేటెడ్ ఆన్

ఐసొలేటెడ్ పోర్టులు రెండూ ఈత్0 వైపు ఉన్న రౌటర్‌తో మాట్లాడతాయి, తమలో తాము మాట్లాడుకోవు. రెండిటికీ పెట్టాలి, ఒకదానికే పెడితే ఫలితం ఉండదు. అయితే బాక్సుకి ఉన్న సొంత ఐపీని అవి చేరగలవు, దానికి ఫైర్‌వాల్ వేరే పెట్టుకోవాలి.

అన్నీ వెనక్కి తీసేయాలంటే ఐపీ లింక్ సెట్ డెవ్ ఈత్1 నోమాస్టర్ అంటే పోర్టు బయటికి వస్తుంది. ఐపీ లింక్ డెల్ బీఆర్0 అంటే బ్రిడ్జే పోతుంది. బ్రిడ్జ్‌తోపాటు దాని మీది ఐపీ కూడా పోతుంది కాబట్టి దూరం నుంచి ఇది కొట్టే ముందు కూడా షట్‌డౌన్ -ఆర్ +8 మరవకండి.

ఈ ఆదివారం పది తర్వాత చేస్తారనుకుంటున్నాను. కుదరకపోతే మూడు కమాండ్ల అవుట్‌పుట్ ఇక్కడే పెట్టండి: ఐపీ -డీ లింక్ షో బీఆర్0, బ్రిడ్జ్ లింక్ షో, బ్రిడ్జ్ ఎఫ్‌డీబీ షో బీఆర్ బీఆర్0. వాటితోపాటు వీనెట్0, ఈత్0 ల మీద టీసీపీడంప్‌లో వచ్చిన నాలుగైదు లైన్లు. పాస్‌వర్డులు, బయటి ఐపీ చెరిపేసి పెట్టండి. సాయంత్రానికి చూసి చెబుతాను.